తొమ్మిదో చెయ్యి

కిందటి వారం నేను గుడివాడలో బందరు బస్సెక్కి కూర్చున్నాను. ఈ వారం దిగాలి. దిగేలోగా, ఈ కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పడం ధర్మం. ఆలస్యంగా వచ్చిన ఒక్క పిల్లాడి కోసం పాఠం మళ్ళీ మొదలుపెట్టిన మాష్టర్ని నేను. రిటైరై పదమూడేళ్ళయినా ఆ జబ్బు పోలేదు.

నా పేరు గంగాధరరావు. ముప్ఫై ఒక్కేళ్ళు గుడివాడలో చరిత్ర చెప్పాను. అంతకంటే ఎక్కువకాలం కమ్యూనిస్టు పార్టీలో తిరిగాను. 1976లో ఇరాన్ నుంచి బందరుకు చదువుకోవడానికి వచ్చిన బెహ్రూజ్ అనే కుర్రాడు మా పార్టీ క్లాసులకు రావడం మొదలుపెట్టి, రెండేళ్ళలో తెలుగు నేర్చి, మా అందరి ఇళ్ళలో గోంగూర తిని మావాడైపోయాడు. డెబ్భై ఏడు ఉప్పెనలో దివిసీమకు సాయానికి వెళ్ళినప్పుడు అక్కడ ప్రభావతి అనే నర్సు పిల్లను చూశాడు. మూడేళ్ళకు ఆమెనే పెళ్ళి చేసుకున్నాడు. ఎనభై రెండులో ఆమెను బందరులో వదిలి వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. మరుసటేడే జైల్లో వేశారు. ఎనభై ఎనిమిదిలో అక్కడి జైళ్ళలో రాజకీయ ఖైదీలను గుంపులు గుంపులుగా చంపినప్పుడు వాడినీ చంపేశారు. సమాధి ఎక్కడుందో కూడా ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు 2000 సంవత్సరం, మే నెల. నా జేబులో ప్రభావతి రాసిన ఉత్తరం ఉంది. "మాష్టారికి నమస్కారములు. ఆయన అన్నగారి అమ్మాయి నస్రీన్ మన పెడన అద్దకాలు చూడటానికి ఇండియా వచ్చింది. మా ఇంట్లోనే దిగింది. ఆయన్ని వెళ్ళొద్దని మీరెంత బతిమాలారో ఆ పిల్లకి మీ నోటితో చెప్పాలి. నేను చెబితే నా తప్పు కప్పిపుచ్చుకుంటున్నానని అనుకుంటుందేమో. శనివారం రండి. భోజనం ఇక్కడే."

బెహ్రూజ్‌ని వెళ్ళొద్దని నేను బతిమాలాననేది పచ్చి అబద్ధం. ఆ అబద్ధం ఆడింది కూడా నేనే. అంతవరకు కిందటి వారం మీ దగ్గర ఒప్పేసుకున్నాను. ప్రభావతి దగ్గర ఇంకా ఒప్పుకోలేదు. ఆ పిల్ల ఎదుట కూర్చునేలోగా ఈ పని అయిపోవాలని బస్సెక్కాను.

గుడ్లవల్లేరులో ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్ళు ఎక్కి, "తాతగారూ, కాస్త జరగండి" అన్నారు. జరిగాను. దారి పొడుగునా రెండో పంట దాళ్వా కోసిన చేలు బీటలు వారి ఉన్నాయి. కిటికీలోంచి వడగాలి మొహాన కొడుతోంది. నేను మనసులో వాక్యాలు కట్టుకుంటున్నాను. "అమ్మా ప్రభావతీ, అప్పటి పరిస్థితుల్లో..." ఛ, పార్టీ రిపోర్టులా ఉంది. "అమ్మా, మనిషన్నాక పొరపాటు..." ఇది అంతకంటే అన్యాయం. పొరపాటు ఎవరిదో చెప్పకుండా పొరపాటు జరిగింది అనడంలో మావాళ్ళు ఆరితేరారు. పెడన వచ్చేదాకా ఒక్క వాక్యమూ కుదరలేదు.

రెండు నెలల కిందట, మార్చిలో, అమెరికా విదేశాంగ మంత్రి ఒక ప్రసంగం చేసింది. పందొమ్మిది వందల యాభై మూడులో ఇరాన్ ప్రధానిని పడగొట్టడంలో తమ దేశం పెద్ద పాత్రే పోషించిందని ఒప్పుకుంది. ఆ ప్రధాని చేసిన నేరమల్లా, ఇంగ్లీషు కంపెనీ తోడుకుపోతున్న నూనెబావులు మా జనానివి అనడం. ఇంగ్లీషువాడూ అమెరికావాడూ కలిసి ఆయన్ని దించి, పారిపోయిన రాజు షాను తెచ్చి మళ్ళీ గద్దె ఎక్కించారు. నలభై ఏడేళ్ళు లోకమంతా అనుకుంటున్నదాన్ని ఇప్పుడు నోరు తెరిచి అన్నారు. క్షమాపణ అన్న మాట మాత్రం జాగ్రత్తగా దాటేశారు. పేపర్లో ఆ వార్త మా ఆవిడకి చదివి వినిపించి, "చూశావా, మేం ఆనాడే చెప్పాం" అన్నాను గొప్పగా. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "ఎవరి తప్పు వాళ్ళు ఒప్పుకోవడానికి ఇంతకాలం పడుతుందాండీ?" అంది. మామూలుగానే అంది పాపం. నేనే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను.

ప్రభావతి ఇల్లు ఇంగ్లీషుపాలెంలో. బందరులో పేటల పేర్లు చదివితే చాలు, ఎవరెవరు ఓడల్లో వచ్చి ఏం పట్టుకుపోయారో తెలుస్తుంది. వలందపాలెం డచ్చివాళ్ళది, ఫరాసుపేట ఫ్రెంచివాళ్ళది, ఇది ఇంగ్లీషువాళ్ళది. మొదటిసారి ఈ పేర్లు చెప్పినప్పుడు బెహ్రూజ్ పగలబడి నవ్వాడు. "మా ఊళ్ళో వాన పడకపోయినా ఇంగ్లీషువాడే చేశాడంటుంది మా అమ్మ. మీరు వాళ్ళకి పేట కట్టి పేరు కూడా పెట్టుకున్నారా మాష్టారూ?" అన్నాడు.

ప్రభావతి వాకిట్లో పీట వేసుకుని రొయ్యలు వొలుస్తోంది. నలభై మూడేళ్ళుంటాయి. ఆస్పత్రిలో హెడ్డు నర్సు. ఆమె వార్డులోకి వస్తుంటే డాక్టర్లు కూడా సిగరెట్టు ఆర్పేస్తారంటారు. నన్ను చూసి లేవబోయింది.

"కూర్చో అమ్మా, కూర్చో. అమ్మాయేదీ?"

"పెడన వెళ్ళిందండీ. పక్కింటి సుమలత తీసికెళ్ళింది. పన్నెండుకల్లా వచ్చేస్తారు. ఎండన పడొచ్చారు, మజ్జిగ తాగుదురుగాని ఉండండి."

చెయ్యి కడుక్కుని మజ్జిగ తెచ్చింది. గోడ వారగా నీడలో నాకు కుర్చీ వేసింది. టైము చూశాను. పదీ నలభై. గంటా ఇరవై నిమిషాలున్నాయి. నేను మూడు నిమిషాలు మజ్జిగ తాగాను.

"అచ్చం ఆయన ముక్కేనండీ ఆ పిల్లది" అంది ప్రభావతి మళ్ళీ పీట మీద కూర్చుంటూ. "వాళ్ళ ఇస్ఫహాన్‌లో కూడా మన పెడనలోలాగే చెక్క అచ్చులతో గుడ్డల మీద అద్దుతారంట. మన అచ్చులు చూసి, ఇవి మావే అంది. కాదు మావే అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. చాన్నాళ్ళకి నవ్వాననుకోండి."

"మంచిదమ్మా."

"నిన్న ఒక మాట అడిగింది. బాబాయి బండెక్కేటప్పుడు స్టేషన్లో మీతో ఏమన్నాడు ఆంటీ అని." రొయ్య తల తుంచి పక్కన పడేసింది. "నేను స్టేషనుకి వెళ్ళలేదని ఎలా చెప్పనండీ? తలనొప్పి అని చెప్పి లోపలికి పోయాను. మాష్టారు అంతలా చెప్పినా లెక్కచెయ్యని మనిషికి నేనేమిటి అనుకున్నాను ఆవేళ. పంతం. తలుపు వేసుకుని కూర్చున్నాను. ఆయన తలుపు కొట్టి కొట్టి, బండి టైమైపోతోందని వెళ్ళిపోయాడు. ఆ పంతం నన్ను ఇప్పటికీ తినేస్తోందండీ. అయినా కోపం పోలేదు. చచ్చిపోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదని పాస్టరుగారు చెబుతారు. నా వల్ల కాలేదు."

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. ఇంక వాక్యాలు కట్టుకునే ఓపిక లేకపోయింది.

"ప్రభావతీ, నేను వద్దనలేదమ్మా."

"ఏంటండీ?"

"బెహ్రూజ్‌ని. వెళ్ళొద్దని నేను అనలేదు. వెళ్ళమన్నాను. నీ దగ్గర అబద్ధం చెప్పాను."

ఆమె చేతులు ఆగలేదు. ఇంకో రొయ్య తీసుకుంది. నా మాట చెవిలో పడ్డా లోపలికి ఇంకా వెళ్ళలేదన్నమాట. నేను ఆపలేదు, ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని నాకు తెలుసు. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

మా పార్టీవాళ్ళకు ఆ రోజుల్లో ఒక అలవాటుండేది. ఎవరి ఇంట్లో పెళ్ళన్నా, ఎవరికి దూరాన ఉద్యోగం వచ్చినా, అన్నదమ్ములు విడిపోవాలన్నా, కమిటీ ముందు పెట్టేవాళ్ళు. అందరూ మాట్లాడాక చేతులెత్తి తేల్చేవాళ్ళం. తేల్చింది అందరికీ శిరోధార్యం. లెక్క బయటికి చెప్పొచ్చు గానీ, ఎవరి చెయ్యి ఎటు లేచిందో చెప్పకూడదు. బయటివాళ్ళు నవ్వేవారు, "వీళ్ళు పిల్లకి పేరు పెట్టాలన్నా తీర్మానం చేస్తారు" అని. మాకు అది గర్వంగా ఉండేది. బెహ్రూజ్, ప్రభావతి పెళ్ళి కూడా అలాగే తేల్చాం. ఆవేళ తొమ్మిది చేతులూ లేచాయి. ప్రభావతి తండ్రి సత్యవేదం గారు మా మీటింగు అయ్యేదాకా మేడ కిందనే నిలబడి, లెక్క విన్నాక చర్చికి వెళ్ళి ప్రార్థన చేసుకుని వచ్చారు.

ఎనభై రెండు ఆగస్టులో బెహ్రూజ్ తన ప్రయాణం సంగతి కూడా అలాగే మా ముందు పెట్టాడు. గుడివాడలో ఎరువుల కొట్టు మీది మేడగది. ఆదివారం. నేను అధ్యక్షుణ్ణి.

"కామ్రేడ్స్, నన్ను మా పార్టీ ఇంటికి రమ్మంటోంది" అన్నాడు వాడు నిలబడి. "దేశం మీదికి ఇరాక్ వచ్చి పడింది. షా పోయాడు, అమెరికావాణ్ణి వెళ్ళగొట్టాం, ఇప్పుడు దేశాన్ని నిలబెట్టాలి అంటున్నారు. ప్రభ వద్దంటోంది. లండన్ రేడియోలో మాత్రం అక్కడ వామపక్షంవాళ్ళని పట్టుకుని కాల్చేస్తున్నారని చెబుతున్నారు. మా పార్టీవాళ్ళ జోలికి ఇంకా రాలేదు. వస్తారో రారో నాకు తెలియడం లేదు. మీరు తేల్చండి."

దివిసీమ కూలీ సంఘం నాయకుడు బాలస్వామి లేచాడు. "పండే చేను ఒదిలేసి తగలబడే గడ్డివామిలోకి ఎవుడైనా దూకుతాడాండీ? పిల్లోడికి పెళ్ళై రెండేళ్ళు కాలేదు. పరాయి దేశం గొడవ మనకేం ఎరిక? మనమెవరమండీ పొమ్మనటానికి?" అన్నాడు. అని కూర్చుని చుట్ట వెలిగించాడు. వాడిప్పుడు లేడు. ఉంటే వాడి కాళ్ళ మీద పడేవాణ్ణి.

నేను లేచాను. నాకు మాట్లాడటం వచ్చు కదా, అదే నా ఖర్మ. నా ముందు బల్ల మీద మాస్కో నుంచి తెలుగులో అచ్చై వచ్చే రంగుల పత్రిక ఉంది. మా పిల్లలు చదివినా చదవకపోయినా పుస్తకాలకు అట్టలు వేసుకునే నున్నటి కాగితం. అందులో రాశారు, ఇరాన్ విప్లవం సామ్రాజ్యవాదానికి గొడ్డలిపెట్టు, ప్రగతిశీల శక్తులు ఆ ప్రభుత్వాన్ని బలపరచాలి అని. నేనది పైకి చదివాను. చదివి, బెహ్రూజ్ వైపు తిరిగి అన్నాను: "లండన్ రేడియో మాట నువ్వు నమ్ముతున్నావా? యాభై మూడులో మీ ప్రధాని మీద లేనిపోనివన్నీ చెప్పింది ఆ రేడియో కాదూ? మీ నాన్న అబాదాన్ రిఫైనరీలో ఉద్యోగం పోగొట్టుకుని రోడ్డున పడింది ఎవడి వల్ల? ఆ నోరే ఇవాళ నిన్ను ఇంటికి వెళ్ళనివ్వకుండా భయపెడుతోంది. భయపడతావా?"

వాళ్ళ నాన్న పేరెత్తేసరికి వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చూశాను. చూసి, నా మాట పనిచేసిందని సంతోషపడ్డాను. చెప్పాలంటే సిగ్గుగా ఉంది గానీ, నిజంగానే సంతోషపడ్డాను.

ఒకప్పుడు అబద్ధమాడిన నోరు ఇంకొకప్పుడు నిజం చెప్పవచ్చని నాకు తట్టలేదు. ఒక పరాయి దేశం మాట వినకూడదని అంత గట్టిగా చెప్పినవాణ్ణి, చేతిలో ఇంకో పరాయి దేశం పత్రిక పట్టుకుని ఉన్నానని కూడా తట్టలేదు. చరిత్ర మాష్టర్ని, మళ్ళీ!

చేతులెత్తమన్నాను. వెళ్ళాలని నాలుగు, వద్దని నాలుగు. సమంగా వస్తే అధ్యక్షుడి ఓటుతో తేలాలి. అందరూ నా వైపు చూశారు. బెహ్రూజ్ చూశాడు. నేను చెయ్యెత్తాను.

"సరే మాష్టారూ" అన్నాడు వాడు తెలుగులో.

ఇదంతా ప్రభావతికి చెప్పాను. చెప్పేసరికి ఆమె చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి. రొయ్యల గిన్నె మీద ఈగలు వాలుతున్నాయి. తోలలేదు.

"ఆ ముందు గురువారం నేను మీ ఇంటికొచ్చాను" అంది చివరికి. "ఆస్పత్రికి సెలవు పెట్టుకుని, గుడివాడ వచ్చి, మీ వంటింటి గుమ్మంలో నిలబడి, ఆయన మీ మాట జవదాటడండీ, వెళ్ళొద్దని చెప్పండి అన్నాను. అన్నానా లేదా?"

"అన్నావు."

"మీరేమన్నారు?"

"నేను చూసుకుంటాలేమ్మా అన్నాను."

"చూసుకున్నారు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "మీటింగు అయ్యాక ఆ సాయంత్రమే నీ దగ్గరికొచ్చాను. నిజం చెప్పాలనే వచ్చానమ్మా. నువ్వు గుమ్మంలోనే, ఏమన్నాడండీ అని అడిగావు. నీ మొహం చూసేసరికి నోరు తిరగలేదు. పదివిధాల చెప్పాను, మొండివాడు, వినలేదు అన్నాను. అంత తేలిగ్గా వచ్చేసింది. తర్వాత సరిచేద్దామనుకున్నాను. తర్వాత వాణ్ణి జైల్లో పెట్టారు. ఇంక చెప్పడం వల్ల నీకేం ఒరుగుతుంది అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది."

"ఆ రేడియో మా ఇంట్లోనూ ఉండేది మాష్టారూ. నేనూ విన్నాను. నాకు రాజకీయాలు తెలీవు కాబట్టి నమ్మాను."

నేను వంగి రొయ్యల గిన్నె మీది ఈగల్ని తోలాను.

ఆమె లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "ఆ రోజు నేనాయన్ని నిలదీశానండీ! అంత పెద్దాయన, నీ తండ్రిలాంటివాడు, వద్దని చెబితే కూడా వినవా, అంత పొగరా నీకు అన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు. ఏదో అనబోయాడు. ఆగిపోయాడు. ఏమీ అనలేదు. తప్పు చేశాడు కాబట్టి మాట రావటం లేదనుకున్నాను. మిమ్మల్ని బయటపెట్టకూడదని నోరు మూసుకున్నాడా? నా ముందు తను చెడ్డవాడైనా ఫర్వాలేదని! అయ్యో దేవుడా. పద్దెనిమిదేళ్ళు ఎవర్నండీ నేను తిట్టుకున్నది?"

ఏడ్చింది. నర్సులు ఏడవరని అనుకుంటాం, ఎందుకో మరి. పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బెహ్రూజ్ నోరు మూసుకున్న సంగతి నాకూ ఆ క్షణందాకా తెలియదు. నాకూ ఏడుపొచ్చింది కానీ, ఆ ఇంట్లో ఏడ్చే హక్కు నాకు లేదనిపించి నేల చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి మొహం తుడుచుకుని అంది: "మిమ్మల్ని ఏమనాలో నాకు తెలీటం లేదు. పెద్దవారు. శాపనార్థాలు పెట్టడం మా నాన్న నేర్పలేదు. ఒకటి మాత్రం చెయ్యండి. ఆ పిల్ల రాగానే ఇదే, ఇలాగే, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పండి. ఆయన మొండిగా భార్యని వదిలేసి పోయినవాడు కాదు. నమ్మినవాళ్ళు పొమ్మంటే పోయాడు. వాళ్ళింట్లో ఎవరికో ఒకరికి అది తెలియాలి."

"చెబుతానమ్మా" అన్నాను. అందుకేగా వచ్చింది. చెప్పేస్తాను. పనిలో సగం అయిపోయిందనుకున్నాను కూడా. చూశారా నా బుద్ధి!

పన్నెండు కాకుండానే గేటు చప్పుడైంది. సుమలత బయటినుంచే, "అక్కా, పిల్లని అప్పజెప్పాను, నే వెళ్తున్నా" అని కేకేసి వెళ్ళిపోయింది. నస్రీన్ లోపలికి వచ్చింది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి. తలకు పల్చటి రుమాలు, చేతుల నిండా ఎర్రటి అద్దకం రంగు. ముక్కు సంగతి ప్రభావతి చెప్పింది నిజమే.

ప్రభావతి మొహం అవతలికి తిప్పుకుని, ఇంగ్లీషులో, "గుడివాడ మాష్టారు వీరే" అంది.

ఆ పిల్ల నా ఎదురుగా వచ్చి నిలబడింది. రంగు చేతులు గుండెల మీద పెట్టుకుని తల వంచింది. తర్వాత ఇంగ్లీషులో, మెల్లగా, మాటలు ఏరుకుంటూ మాట్లాడింది.

"మీరు ఎలా ఉంటారో అని చిన్నప్పటి నుంచి ఊహించుకునేదాన్ని. మా నానమ్మ మీకు సలాం చెప్పమంది. ఆవిడకి ఎనభై దాటాయి. బాబాయి ఇంటికి వచ్చిన రోజు నానమ్మ తిట్టిందట, ఈ మంటల్లోకి ఎందుకొచ్చావురా, నీకు బుద్ధి చెప్పేవాళ్ళే లేరా ఆ దేశంలో అని. బాబాయి అన్నాడట, ఎందుకు లేరమ్మా, అక్కడ నాకొక పెద్దాయన ఉన్నాడు, స్కూలు మాష్టరు, వెళ్ళొద్దని మూడుసార్లు కూర్చోబెట్టి చెప్పాడు, నీకోసం ఆయన మాట కాదని వచ్చాను అని. బాబాయిని చంపేశాక నానమ్మ ప్రతిరోజూ నమాజులో మీ పేరు తెలీకపోయినా మీకోసం దువా చేస్తుంది. నా బిడ్డకి మంచిమాట చెప్పింది లోకంలో ఆయన ఒక్కడే అంటుంది."

నేను కుర్చీ చెయ్యి పట్టుకున్నాను. వాడు నన్ను భార్య దగ్గర కాపాడాడని గంట కిందటే తెలిసింది. తల్లి దగ్గర కూడా కాపాడాడు. అడగకుండానే కాపాడాడు. ఇంతకంటే వాడు నన్ను చెప్పుచ్చుకు కొట్టినా బాగుండేది.

ప్రభావతి వైపు చూశాను. ఆమె గుంజకు ఆనుకుని నిలబడి ఉంది. కానివ్వండి, చెప్పండి అన్నట్టు చూసింది.

"చూడమ్మా నస్రీన్" అని మొదలుపెట్టాను. "మీ బాబాయి గురించి నేనొక విషయం..."

"ఒక్క నిమిషం సార్. ముందు నేను అడిగేస్తాను. మళ్ళీ ధైర్యం చాలదు." ఆ పిల్ల నేల మీద, నా కాళ్ళ దగ్గరే కూర్చుంది. "నేను అద్దకాలు చూడటానికి వచ్చానని ఆంటీకి చెప్పాను. అది నిజమే. కానీ దానికోసమే రాలేదు. టెహ్రాన్‌లో ఒక పత్రికకి నేను బొమ్మలు గీసేదాన్ని. పోయిన జులైలో యూనివర్సిటీ హాస్టల్ మీద పడి పిల్లల్ని కొట్టినప్పుడు కూడా గీశాను. నేనిక్కడికి వచ్చాక, పోయిన నెల, పత్రికలన్నీ వరసగా మూయించేశారు. మాదీ మూసేశారు. మా ఎడిటర్ని తీసుకెళ్ళారు. నా బొమ్మల కింద నా పేరుంది."

"అయ్యో" అంది ప్రభావతి.

"నాన్న ఫోన్లో, ఇక్కడంతా చల్లబడింది, భయం లేదు, వచ్చెయ్యి అంటున్నాడు. ఆ మాట నాన్నే అంటున్నాడో, పక్కన ఎవరైనా కూర్చుని అనిపిస్తున్నారో నాకు తెలీదు. విదేశీ రేడియోలు వెళ్తే పట్టుకుంటారన్నట్టే చెబుతున్నాయి. వాళ్ళ మాట నమ్మేవాళ్ళం కాదు మేం, యాభై మూడు నుంచీ మా ఇంట్లో అదే మాట. నా స్నేహితులేమో, ఇప్పుడు నువ్వు రాకపోతే అమెరికాకి అమ్ముడుపోయావంటారు, మన మార్పు కోసం మనమే నిలబడాలి, రా అంటున్నారు. పదహారో తారీఖున బొంబాయిలో నా విమానం. ఎక్కనా, మానేయనా? బాబాయి మీ మాట వినలేదు. నేను వింటాను. మీరేం చెబితే అది చేస్తాను, ఒట్టు."

వాకిట్లో ఎండ కళ్ళు చెదిరిపోయేలా ఉంది. నిజం చెబితే ఈ పిల్లకి నేను ఎవర్ని? వాళ్ళ బాబాయిని చావుకి పంపినవాణ్ణి. అలాంటివాడు వెళ్ళొద్దంటే ఎందుకు వింటుంది? లేచి పోయి విమానం ఎక్కేస్తుంది. అబద్ధాన్ని అలాగే ఉండనిస్తే, నా నోటి నుంచి ఒక్క మాట చాలు, ఆగిపోతుంది. కానీ ఆగడమే మంచిదని మాత్రం నాకెలా తెలుసు? ఆవేళ కూడా నాకు అన్నీ తెలుసనే అనుకున్నాను కదా. పైగా గంట కిందటే ప్రభావతికి మాట ఇచ్చాను, బెహ్రూజ్ మీద పడ్డ మచ్చ ఈ పిల్ల ఎదుట చెరిపేస్తానని.

చెప్పేద్దామనే నిశ్చయించుకున్నాను. నోరు తెరిచాను.

అప్పుడు ప్రభావతి గుంజ దగ్గరి నుంచి కదిలి వచ్చి, ఆ పిల్ల వెనక నిలబడి, దాని తల మీద చెయ్యి వేసింది. మొహంలో ఏ కోపమూ లేదు. ఆనాటి గురువారం మా వంటింటి గుమ్మంలో నిలబడ్డ పాతికేళ్ళ పిల్ల మొహమే అది. నస్రీన్‌కి అర్థం కాకుండా తెలుగులో, తడబడుతూ అంది.

"మాష్టారూ, నిజం చెప్పకండి. ఆయన చెడ్డవాడిగానే ఉండిపోనీండి, నేను పడతాను. మీ కాళ్ళు పట్టుకుంటాను, వెళ్ళొద్దని చెప్పండి."

నస్రీన్ తలెత్తి ఒకసారి ఆమెను, ఒకసారి నన్ను చూసింది.

"ఆంటీ ఏమంటున్నారు?" అని నన్నే అడిగింది.